దేవునికి కట్టనక్కర్లేదు, అక్కకు ఇవ్వాలి

ప్రియమైన బిడ్డా,

ప్రభువు నామంలో నీకు, కోడలికి, పిల్లలకు దీవెనలు.

నీ మెసేజ్ పొద్దున్నే చూశాను. అర్ధరాత్రి దాటాక పంపినట్టుంది. మనవరాలితో చదివించుకుందామని ఫోన్ దాని చేతికి ఇవ్వబోయి, మొదటి రెండు లైన్లు చూసి ఆగిపోయాను. కళ్లద్దాలు పెట్టుకొని నేనే చదువుకున్నాను. ఇలాంటి సంగతి ఫోన్లో మాట్లాడితే మధ్యలో ఎవరో ఒకరు వస్తారు, మాట తెగిపోతుంది. అందుకే కాగితం మీద రాస్తున్నాను. ఇంట్లో అందరూ పడుకున్నాక నిదానంగా చదువు.

"పెద్దమ్మా, ఇన్ని చేస్తున్నా దేవునితో నాకు సమాధానం, మనశ్శాంతి ఎందుకు దొరకడం లేదు?" అని అడిగావు. చేసినవన్నీ వరసగా రాశావు. శుక్రవారం ఉపవాసాలు, హైదరాబాదులో ఆ పెద్ద ప్రార్థన మందిరానికి పోయి రావడం, అక్కడి నూనె తెచ్చి గుమ్మానికి రాయడం, పత్తి పైసలు రాగానే పెద్ద కానుక, ఆపైన ఇరవై ఒక్క రోజుల ఉపవాస ప్రార్థన. అన్నీ రాసి చివర్లో, అసలు సంగతి కానట్టు ఒక్క లైను పెట్టావు. "అక్క సంతకం విషయం కూడా అప్పుడప్పుడు గుర్తొస్తుంటది" అని. బిడ్డా, నీ బాధంతా ఆ ఒక్క లైనులోనే ఉంది.

నేను చెప్పాల్సింది ముందే చెప్పేస్తాను, తర్వాత వివరంగా రాస్తాను. దేవునికి నువ్వు కట్టాల్సిన బాకీ ఏమీ లేదు, అయినా కడుతూనే ఉన్నావు. నాన్న భూమిలో అక్కకు ఇవ్వాల్సిన వాటా ఉంది, అది మాత్రం ఇవ్వడం లేదు. అక్కకు చేరాల్సింది తీసుకుపోయి దేవుని ముందు పెడుతున్నావు. ఆయన తీసుకోడు. నీకు నిద్ర పట్టదు.

ముందు దేవుని సంగతి. బైబిల్లో రోమా పత్రిక ఐదో అధ్యాయం మొదటి వచనం నీకు సండే స్కూల్లోనే కంఠతా వచ్చు. "కాబట్టి విశ్వాసమూలమున మనము నీతిమంతులముగా తీర్చబడి, మన ప్రభువైన యేసుక్రీస్తుద్వారా దేవునితో సమాధానము కలిగియుందము." చిన్నప్పుడు ఈ వచనం తప్పు లేకుండా చెప్పి బహుమతి కూడా తెచ్చుకున్నావు. ఇప్పుడు మళ్లీ మెల్లగా చదువు. ఆగకుండా పదో వచనం దాకా పో. అక్కడ పౌలు, మనం ఇంకా శత్రువులమై ఉన్నప్పుడే దేవుని కుమారుని మరణం ద్వారా ఆయనతో సమాధానపరచబడ్డామని రాస్తాడు. మంచివాళ్లమయ్యాక అనలేదు, ఉపవాసాలు ముగించాక అనలేదు. శత్రువులుగా ఉన్నప్పుడే అన్నాడు. ఇది రాసినవాడు సామాన్యుడు కాదు. స్తెఫను అనే విశ్వాసిని రాళ్లతో కొట్టి చంపుతుంటే బట్టలకు కాపలా ఉన్న మనిషి. విశ్వాసులను ఇళ్లలో నుంచి ఈడ్చుకుపోయి చెరసాలలో వేయించిన మనిషి. ఆ పాపం కడుక్కోవడానికి తానేం చేశాడో ఎక్కడా లెక్క రాయలేదు. క్రీస్తు ఏం చేశాడో మాత్రం ప్రతి పత్రికలోనూ రాశాడు.

నువ్వు సమాధానం అంటే గుండె బరువు దిగి హాయిగా ఉండటం అనుకుంటున్నావు. ఆ హాయి కూడా వస్తుంది, రాదని అనను. కానీ దానికంటే ముందే జరిగిపోయిన సంగతి ఒకటుంది. దేవునికీ మనకూ మధ్య ఉన్న వైరం తీరిపోయింది. "మన సమాధానార్థమైన శిక్ష అతనిమీద పడెను" అని యెషయా యాభై మూడో అధ్యాయంలో ఉంది కదా, ఆ శిక్ష పడిపోయింది. ఇంకోసారి నీ మీద పడదు. ఈ రోజు నీ మనసు బాగుంటే ఆ మాట నిజం కావడం, రేపు దిగులుగా ఉంటే అబద్ధం కావడం ఉండదు.

కొలస్సీ పత్రిక రెండో అధ్యాయంలో పౌలు ఇదే సంగతిని మన పాలమూరు వాళ్లకు తేలిగ్గా అర్థమయ్యేలా చెప్పాడు. మన మీద రుణంగా ఉన్న పత్రాన్ని దేవుడు మేకులతో సిలువకు కొట్టి, దాని మీది చేవ్రాతను తుడిచేశాడని రాశాడు. మీ తాత బొంబాయి పనికి పోయేటప్పుడు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని కాగితం మీద వేలిముద్ర వేసేవాడు. మీ అమ్మ నీకు చెప్పే ఉంటుంది. రెండేళ్లు మట్టి పని చేసి బాకీ తీర్చాడు. కాగితం మాత్రం చేతికి రాలేదు. మేస్త్రీ అడిగినప్పుడల్లా భయపడి మళ్లీ ఎంతో కొంత ఇచ్చేవాడు. తీరిన అప్పుకు వడ్డీ కట్టడమంటే అదే. చివరికి ఊరి పెద్దమనిషి ఒకాయన ఆ కాగితం తెప్పించి అందరి ముందు చింపితే గానీ మా నాన్న కడుపు నిండా అన్నం తినలేదు. బిడ్డా, నువ్వు చింపేసిన నోటుకు వడ్డీ కడుతున్నావు. అడుగుతున్నవాడు దేవుడు కాడు, నీ భయం.

ఉపవాసం తప్పని నేను అనడం లేదు. మా స్త్రీల సమాజంలో ఇప్పటికీ చేస్తాం, నేనూ చేస్తాను. దేవుని దగ్గర కూర్చోవడానికి చేసే ఉపవాసం మంచిది. దేవుని చేత ఒప్పించుకోవడానికి చేసేది మనిషిని తినేస్తుంది. మార్టిన్ లూథర్ 1505లో మఠంలో చేరి ఉపవాసాలతో ఒళ్లు గుల్ల చేసుకున్నాడు. గంటల తరబడి పాపాలు ఒప్పుకొని, లేచిపోయాక ఇంకోటి గుర్తొచ్చి మళ్లీ వచ్చేవాడట. నీతిమంతుడు విశ్వాసమూలంగా జీవిస్తాడన్న రోమా పత్రిక మాట మనసుకు పట్టాకే ఆయన ప్రాణం కుదుటపడింది. నీ దారీ అదే పట్టింది, అందుకే చెప్తున్నాను.

ఆ నూనె సంగతి, "ఇంత కానుక వేస్తే ఇంత దీవెన" అనే మాటల సంగతి మాత్రం గట్టిగానే అంటాను. దేవుని సమాధానానికి రేటు కట్టేవాళ్ల దగ్గరికి ఇక పోకు. అక్కడ పాటలు బాగుంటాయి, జనం ఏడుస్తారు, మనకూ కన్నీళ్లొస్తాయి. బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి గుండెలో రాయి మళ్లీ అక్కడే ఉంటుంది. ఉంటుందని నువ్వే రాశావు. సమర్పణ సంతోషంగా ఇచ్చేది. భయంతో ఇస్తున్నావంటే ఆ పైసలు అక్కడికి చేరాల్సినవి కావు.

మన వైపు ఈ వాక్యం ఎట్లా వచ్చిందో కూడా ఒకసారి గుర్తు చేసుకో. అబ్రహాం ఫ్రీసన్ అనే మిషనరీ రష్యా నుంచి వచ్చి 1890 ప్రాంతంలో నల్గొండలో ఉన్నాడు. తర్వాత అమెరికా నుంచి అదే మెన్నోనైట్ బ్రదరెన్ సంఘం వాళ్లు వచ్చి నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండ, కల్వకుర్తి, గద్వాలల్లో మిషన్ కాంపౌండ్లు నడిపారు, జడ్చర్లలో ఆసుపత్రి పెట్టారు. వాళ్ల పెద్దలు కత్తి పట్టం, యుద్ధానికి పోం అన్నందుకు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోవాల్సి వచ్చింది. దేవునితో సమాధానపడ్డవాడు పక్కవాడితో వైరంగా బతకలేడని వాళ్లు నమ్మారు. ఊరి చివర వాడలో, గుళ్లోకీ బావి దగ్గరికీ రానివ్వని మన తాత ముత్తాతలకు ఆ బోధ రెండు వైపులా పట్టింది. దేవుడు దగ్గరికి రానిస్తాడనీ తెలిసింది, పక్కింటివాడితో పేచీ పెట్టుకొని ఆయన దగ్గర కూర్చోవడం కుదరదనీ తెలిసింది. మనకు మొదటిది బాగానే గుర్తుంది.

ఇక ఏం చెయ్యాలో చెప్తాను.

మొదట పాపం ఒప్పుకో. నువ్వు ఒప్పుకోవడం లేదా అంటే, ఒప్పుకుంటున్నావు. కానీ "ప్రభువా, తెలిసీ తెలియక చేసిన పాపాలన్నీ క్షమించు" అంటున్నావు. ఆ ప్రార్థనలో పాపం కనపడదు. నేను దవాఖానలో నర్సుగా ఉన్న రోజుల్లో అచ్చంపేట వైపు నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. తొడ ఎముక విరిగితే కాలికి బరువు కట్టి పడుకోబెట్టారు. అక్షరం ముక్క రాదు. రాత్రి డ్యూటీలో వార్డు తిరుగుతుంటే ఆమె గొంతు వినపడింది. ఎవరితోనో మాట్లాడుతుందనుకొని దగ్గరికి పోయాను. పైకప్పు వైపు చూస్తూ, పక్క మంచం మీది మనిషితో మాట్లాడినట్టు దేవునితో మాట్లాడుతోంది. "అయ్యా, మొన్న ఎండాకాలం కోడలు పొలం నుంచి వచ్చేసరికి బియ్యం కుండ దాచిపెట్టిన. బాలింత అది, ఆకలితోని పండుకున్నది. నేను కావాలనే చేసిన. ఎవ్వరు చెప్పలే నాకు. నువ్వు క్షమించాలె." అంతే. కాసేపటికి గురక పెట్టింది. మర్నాడు కోడలు జొన్న గటక గిన్నెలో పోసుకొని తెచ్చింది. ముసలమ్మ చెంచా నోట్లో పెట్టుకోకముందే బియ్యం సంగతి ఎత్తింది. కోడలు మూతి ముడుచుకొని కిటికీ వైపు తిరిగింది గానీ పలకలేదు. ముసలమ్మ ఏం అనుకోలేదు, గటక తిన్నది.

పాపాన్ని పేరు పెట్టి ఒప్పుకోవడం నేను ఆమె దగ్గరే చూశాను. దావీదు ముప్పై రెండో కీర్తనలో మౌనంగా ఉన్నన్ని రోజులూ తన ఎముకలు క్షీణించాయనీ, రాత్రింబగళ్లు దేవుని చెయ్యి తన మీద బరువుగా ఉందనీ రాశాడు. నువ్వు గుండె మీద రాయి అని రాసింది దాన్నే. నువ్వు కూడా అలాగే చెప్పు. "నాన్న పోయాక భూమి విరాసత్ (వారసత్వ పట్టా) నా పేరు మీద చేయించుకోవడానికి అక్కతో సంతకం పెట్టించుకున్నాను. బ్యాంకు లోను తొందరగా వస్తుందని చెప్పాను. నీ భాగం తర్వాత రాసిస్తానని చెప్పాను. చెప్పేటప్పుడే రాసివ్వనని నాకు తెలుసు." ఆ చివరి మాట నోటితో అను. తలుపేసుకొని, బయటికి వినపడేంత గొంతుతోనే అను. ఆ మాట అనడానికి నీకు ఎంత కష్టమవుతుందో నాకు తెలుసు. దాన్ని అనకుండా ఉండటానికే ఇన్ని ఉపవాసాలు చేశావని నా అనుమానం.

అన్నాక అక్కడే కాసేపు కూర్చో. మొదటి యోహాను పత్రిక మొదటి అధ్యాయం తొమ్మిదో వచనం తీసి చదువు. ఒప్పుకుంటే ఆయన నమ్మదగినవాడూ నీతిమంతుడూ గనుక క్షమిస్తాడని ఉంది. జాలిపడి చూద్దాంలే అన్నట్టు లేదు. ఆయన నీతిమంతుడు కాబట్టే క్షమిస్తాడు. కుమారుడు శిక్ష భరించాక మళ్లీ నిన్ను శిక్షిస్తే అది ఆయనకే న్యాయం కాదు. ఈ మాట పట్టుకో. నీ ప్రార్థన ఎంత బాగుందో, ఎంత ఏడ్చావో చూసుకోకు.

ఇది సాక్ష్యం కూడికలో మైకు పట్టుకొని చెప్పకు. చెప్తే అందరూ మెచ్చుకుంటారు, సంగతి అక్కతో కాకుండా ఊరితో తీరిపోయినట్టు నీకనిపిస్తుంది. పైగా అది అక్క ఇంటి గుట్టు కూడా. ఒంటరిగా మోయలేను అనిపిస్తే నోరు కదపని పెద్ద మనిషి ఒకరికి, మీ పాస్టరు అయ్యగారైనా సరే, చెప్పి కలిసి ప్రార్థన చేసుకో. అంతకుమించి వద్దు. కోడలికి మాత్రం తప్పకుండా చెప్పాలి. రేపు భూమి ఇవ్వాల్సింది ఆమె ఇంట్లో నుంచి కూడా.

తర్వాత కూడా రాత్రి పూట మనసు నిందిస్తుంది. ఒక్కరోజులో ఆగదు. మన హృదయం మన మీద దోషం మోపినా దేవుడు మన హృదయం కంటే అధికుడు, సమస్తం ఎరిగినవాడు అని యోహానే రాశాడు. నీ మీద కేసు పెట్టడానికి నీ మనసుకు తెలిసినదాని కంటే ఎక్కువే ఆయనకు తెలుసు, తెలిసే క్షమించాడు. అప్పుడు లేచి మళ్లీ కొత్తగా క్షమాపణ అడగకు, ఇచ్చినందుకు వందనాలు చెప్పి అటు తిరిగి పడుకో.

నర్సుగా ఇంకో మాట. మూడు గంటలకు మెలకువ, గుండెదడ, అన్నం సయించకపోవడం, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడం అని రాశావు. ఇవన్నీ పాపం వల్లే అనుకొని డాక్టరుకు చూపించుకోకుండా ఉండకు. బీపీ, షుగర్, థైరాయిడ్ చూపించుకో. నిద్ర సంగతి దాచకుండా చెప్పు. మానసిక వైద్యుని దగ్గరికి పొమ్మంటే పో, గోలీలు రాస్తే వేసుకో, ప్రార్థన చేస్తున్నా కదా అని మానకు. ఏలీయా ప్రవక్త చెట్టు కింద పడుకొని నా ప్రాణం తీసుకో ప్రభువా అన్నప్పుడు దేవుడు ముందుగా ప్రసంగం చెయ్యలేదు. నిద్రపోనిచ్చాడు, దూత చేత రొట్టె, నీళ్లు పెట్టించాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. మాట్లాడింది తర్వాత. నీ మనసులో ఏలీయా అన్నటువంటి మాట ఎప్పుడైనా మెదిలితే, అది ఏ రాత్రి అయినా సరే, కోడలిని లేపు, నాకు ఫోన్ చెయ్యి. ఈ మాట మీద నువ్వు నాకు ఒట్టు పెట్టినట్టే అనుకుంటాను.

ఇప్పుడు అక్క సంగతి. బలిపీఠం దగ్గర అర్పణ పెట్టబోతుంటే నీ సహోదరుడికి నీ మీద విరోధం ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి, ముందు పోయి అతనితో సమాధానపడి, తర్వాత వచ్చి అర్పించమని ప్రభువు మత్తయి ఐదో అధ్యాయంలో చెప్పాడు. పత్తి పైసల్లో కానుక వేసేటప్పుడు నీకు గుర్తొచ్చింది అదే. గుర్తుచేసింది ఎవరో కూడా ఆలోచించు.

పన్నులు వసూలు చేసే జక్కయ్య కథ చదువు. చాలామంది ఒక సంగతి గమనించరు. యేసు అతని ఇంటికి ముందే వచ్చాడు. మేడిచెట్టు కింద నిలబడి, ఈ రోజు నేను నీ ఇంట ఉండాలన్నాడు. ఆస్తి పంచితే వస్తానని అనలేదు. ప్రభువు ఇంట్లో అడుగు పెట్టాకే జక్కయ్య నిలబడి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు మళ్లీ చెల్లిస్తానన్నాడు. వరస అది. అక్కకు వాటా ఇచ్చి దేవుని క్షమాపణ కొనుక్కోవడం కుదరదు. క్షమాపణ పొందినవాడు అక్క వాటా దగ్గర పెట్టుకొని కూర్చోవడమూ కుదరదు. సామెతలు ఇరవై ఎనిమిదో అధ్యాయంలో ఒప్పుకొని విడిచిపెట్టేవాడు కనికరం పొందుతాడని ఉంది. ఒప్పుకోవడం పక్కనే విడిచిపెట్టడం ఉంది చూడు. నువ్వు ఆ రెండో మాట దగ్గర ఆగిపోయావు.

లెక్క నేనే వేస్తాను. మూడెకరాలు మీ నాన్నది. మా చెల్లి, మీ అమ్మ, ముందే పోయింది కాబట్టి మీరిద్దరే. చెరి ఎకరన్నర. రికార్డుల్లో మనం క్రైస్తవులమని ఉన్నా, హిందువులమని ఉన్నా సరే, కూతురికి వాటా ఉంది. క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం కొడుకుకూ కూతురికీ సమానంగానే పంచమంటుంది. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ తర్వాత అక్కడా కూతురికి సమాన వాటానే. నువ్వు రోడ్డు వైపు ముప్పై గుంటలు అమ్మి ఇంటి మీద స్లాబు వేశావు. అది నీ భాగంలో నుంచే అమ్మినట్టు. ఎకరానికి నలభై గుంటలు కదా, మిగిలినవి రెండెకరాల పది గుంటలు. అందులో ఎకరన్నర అక్కది, ముప్పై గుంటలు నీది. చెట్లూ రాళ్లూ ఉన్న వెనక వైపు ఆమెకు చూపించి బోరు ఉన్న వైపు నువ్వు ఉంచుకోకు. ఏది కావాలో ఆమెనే అడుగు.

ఇన్నేళ్లు ఆమె భూమి మీద వచ్చిన పంట ఉంది. ఆమె ఎకరన్నర మీద రైతుబంధు కూడా నీ ఖాతాలోనే పడింది. ఎకరానికి కౌలు ఎంత నడిచిందో నీకు తెలుసు, ఏడాదివారీగా లెక్క కట్టు. సంఖ్యాకాండం ఐదో అధ్యాయంలో అపరాధం ఒప్పుకొని, తీసుకున్నదానికి ఐదో వంతు కలిపి ఇవ్వమని ఉంది. ఒక్కసారి ఇవ్వలేకపోతే నెలనెలా ఇస్తానని కాగితం మీద రాసివ్వు. గిఫ్ట్ డీడ్ చేయాలా, భాగపంపకమా, ఏది కుదురుతుందో తహసీల్ ఆఫీసులో కనుక్కో. స్లాట్ నువ్వే బుక్ చెయ్యి, స్టాంపు ఖర్చు నువ్వే పెట్టుకో. ఆమె మిర్యాలగూడ నుంచి వచ్చిపోయే కారు కిరాయి కూడా నీదే.

కాగితాలు తర్వాత. ముందు మనిషి దగ్గరికి పో. ఫోన్లో అడగకు, వాట్సాప్‌లో అసలే వద్దు. పాస్టరుగారినీ పెద్దమనుషులనూ వెంటేసుకొని పోకు. అంతమంది ముందు ఆడపిల్ల కాదనలేక సరే అంటుంది, ఒకసారి అట్లాగే సంతకం పెట్టింది కదా. నువ్వొక్కడివే పో. "నీకు బాధ కలిగి ఉంటే క్షమించు" అనకు. "నేను నిన్ను మోసం చేశాను అక్కా" అను. ఎందుకు చేశావో వివరించకు. పిల్లల ఫీజులు, లోను, వర్షాలు లేకపోవడం, ఏదీ ఎత్తకు. ఆమె అడిగితే చెప్పు. మీ బావ కోపిష్టి, నాలుగు మాటలంటాడు. అననీ. ఆయన ఇన్నేళ్లు తన అత్తింటి గురించి బయట ఒక్క మాట జారలేదు, అది నాకు తెలుసు.

అక్క వెంటనే క్షమిస్తుందని అనుకోకు. ఏడవొచ్చు, తలుపేసుకోవచ్చు, టీ ఇచ్చి ఏమీ మాట్లాడకుండా పంపొచ్చు. ఆమెకు ఎన్ని నెలలు పడితే అన్ని నెలలు పట్టనీ. "నేను దేవుని దగ్గర ఒప్పుకున్నాను, నువ్వు క్షమించకపోతే నీకే పాపం" అనే మాట నీ నోటి నుంచి రాకూడదు. శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు సమస్త మనుష్యులతో సమాధానంగా ఉండమని పౌలు రాశాడు. నీ చేతనైనంత నువ్వు చెయ్యి, మిగతాది ఆమె చేతిలో ఉంది. దేవునితో నీ సమాధానం ఆమె ముఖం మీద ఆధారపడి లేదు. ఆ ముసలమ్మ కోడలు మూతి ముడుచుకున్నా గటక తిన్నది, గుర్తుందా.

ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారం) ఉన్న ఆదివారాలు నువ్వు బయట చెప్పుల దగ్గర నిలబడుతున్నావని కోడలు చెప్పింది. ఫోన్ వచ్చినట్టు చెవికి పెట్టుకొని నిలబడతావట. ప్రతి మనిషి తన్ను తాను పరీక్షించుకొని, అలా చేసి ఆ రొట్టె తినమని ఉంది కొరింథీ పత్రికలో. పరీక్షించుకొని బయటికి పొమ్మని లేదు. అక్క దగ్గరికి పోయి వచ్చాక, ఆమె ఏమన్నా సరే, వచ్చే బల్లకు లోపల కూర్చో. రొట్టె చేతికి వచ్చినప్పుడు తీసుకో. "నీ కొరకు" అని అయ్యగారు అన్నప్పుడు అది నిన్నే అన్నారని నమ్మి తిను. ఆ రోజు గుండె తేలికపడితే సంతోషం. పడకపోయినా ఆ రొట్టె నీదే.

చదవడానికి ఎక్కువ పెట్టుకోకు. అధ్యాయాలు లెక్కపెట్టుకుంటూ చదివే అలవాటు కొన్నాళ్లు ఆపు. రోమా మూడు నుంచి ఐదు వరకు, లూకాలో పదిహేను, పద్దెనిమిది, పంతొమ్మిది, ముప్పై రెండో కీర్తన. ఇవే తిప్పి తిప్పి చదువు. పద్దెనిమిదో అధ్యాయంలో ఆ సుంకరి, పన్నులు వసూలు చేసేవాడు, దూరంగా నిలబడి రొమ్ము కొట్టుకుంటూ "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అన్నాడు, అంతే ప్రార్థన చేశాడు. వారానికి రెండుసార్లు ఉపవాసం ఉన్నవాడు పక్కనే ఉన్నాడు. ఎవరు నీతిమంతుడిగా ఇంటికి పోయాడో నీకు తెలుసు.

వానాకాలం పనులు మొదలైతే మళ్లీ వాయిదా పడుతుంది. దుక్కులు కాకముందే పో. మిర్యాలగూడకు పోయేటప్పుడు దేవరకొండ దారిలోనే కదా అని నా దగ్గర దిగకు. దిగితే నేను అన్నం పెడతాను, మాటల్లో పొద్దుపోతుంది, నీ ధైర్యం సగం ఇక్కడే కరిగిపోతుంది. నేరుగా పో. వచ్చేటప్పుడు మాత్రం ఎంత రాత్రయినా దిగు. ఎట్లా జరిగినా దిగు. నేను మేలుకొనే ఉంటాను.

మీ పెద్దమ్మ
దేవరకొండ